ష్రిఫ్ట్ అంటే క్షమాపణా, ప్రాయశ్చిత్తమా, పాపసంకీర్తనమా?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో సబ్‌టైటిల్స్ రాసే ఉద్యోగం చేస్తున్నాను. ఈ మధ్య మా టీమ్‌కి షేక్‌స్పియర్ నాటకాల వీడియోలు వరసగా వచ్చాయి. 'రోమియో అండ్ జూలియట్'లో దాది జూలియట్‌ని 'ఇవాళ ష్రిఫ్ట్‌కి వెళ్ళడానికి పర్మిషన్ తీసుకున్నావా?' అని అడుగుతుంది. నేను 'ప్రాయశ్చిత్తానికి' అని రాశాను. మా సీనియర్ అది కొట్టేసి 'క్షమాపణ అడగడానికి' అని మార్చారు. 'మూడో రిచర్డ్' నాటకంలో 'మేక్ ఎ షార్ట్ ష్రిఫ్ట్' అన్నచోట ఆయనే 'తక్కువ శిక్షతో సరిపెట్టుకో' అని రాశారు. అది తప్పని అనిపిస్తోంది గానీ ఏది ఒప్పో చెప్పలేకపోతున్నాను. మాది గుంటూరు వైపు క్యాథలిక్ కుటుంబం. చర్చిలో ఫాదర్ దగ్గర పాపాలు చెప్పుకోవడాన్ని మా అమ్మమ్మ 'పాపసంకీర్తనం' అంటుంది. ఆ మాట రాస్తే చర్చికి వెళ్ళనివాళ్ళకి అర్థం కాదని భయం. ఇంకో సంగతి, మీకెందుకు చెబుతున్నానో నాకే తెలీదు. నేను పాపసంకీర్తనం చేసి తొమ్మిదేళ్ళయింది. ఏటా ఈస్టర్ ముందు అమ్మమ్మ ఫోన్ చేసి 'చేశావా?' అని అడుగుతుంది, 'చేశాను' అంటాను. వారం రోజులుగా ఈ పదం చుట్టూ తిరుగుతుంటే ఆ అబద్ధం గుచ్చుకుంటోంది. ఏం చేయమంటారు? పేరు వేయకండి.

జవాబు: ముందు మీ సీనియర్‌ని కాస్త వెనకేసుకొస్తాను, ఎందుకంటే ఈ పదం దగ్గర నేను ఆయనకన్నా ఘోరంగా పడ్డాను. చాలా ఏళ్ళ క్రితం ఒక పత్రికకి వార్తలు తర్జుమా చేసేవాణ్ణి. ఒక రాత్రి, నిద్రమత్తులో, 'కార్మికుల డిమాండ్లకు యాజమాన్యం షార్ట్ ష్రిఫ్ట్ ఇచ్చింది' అన్న వాక్యం వచ్చింది. ష్రిఫ్ట్‌లో ఆ 'ర' నా కళ్ళకి ఆనలేదు, 'షిఫ్ట్' అని చదివాను. 'కార్మికుల కోరిక మేరకు యాజమాన్యం పని గంటలు తగ్గించింది' అని రాసి పంపేశాను. అసలు వార్తేమో వాళ్ళ డిమాండ్లని వినీవినకుండా తోసిపారేశారని. పొద్దున్నే డెస్క్‌లో నాకు జరిగిన సన్మానం ఇక్కడ రాయను. ఆ తర్వాత ఈ పదం ఎక్కడ కనబడినా వదిలిపెట్టకుండా దాని వెంట పడ్డాను కాబట్టి మీరు సరైన మనిషినే అడిగారు.

సంగతేమిటంటే ష్రిఫ్ట్ పుట్టుకలో పాపమూ లేదు, క్షమాపణా లేదు. ఉన్నది రాత. లాటిన్‌లో రాయడాన్ని 'స్క్రీబెరె' అంటారు. జర్మన్లు అదే ధాతువుని 'ష్రైబెన్' చేసుకుని ఇవాళ్టికీ రాయడం అనే అర్థంలోనే వాడుకుంటున్నారు. ఇంగ్లిష్‌వాళ్ళు మాత్రం, పాత ఇంగ్లిష్ రోజుల్లోనే, 'స్క్రీఫన్' అనే మాటని ఫాదర్ చేసే పనికి కట్టేశారు. మనిషి వచ్చి తప్పు చెప్పుకుంటే, దానికి ఫలానా ప్రాయశ్చిత్తం అని ఫాదర్ విధిస్తాడు చూడండి, ఆ విధించడం స్క్రీఫన్. అదే నలిగి నలిగి 'ష్రైవ్' అయింది. ష్రైవ్ చేస్తే వచ్చేది ష్రిఫ్ట్. మనం మందుల చీటీ అనే ప్రిస్క్రిప్షన్ కూడా ఆ లాటిన్ మాటలోంచి వచ్చిందే. మీరు రోజంతా ముందేసుకుని కూర్చునే స్క్రిప్ట్ కూడా. ష్రిఫ్ట్, స్క్రిప్ట్, ప్రిస్క్రిప్షన్ ఒకే ఇంటి పిల్లలు, ఒకటి చర్చికి పోయింది, ఒకటి నాటకాల్లోకి, ఒకటి మందుల షాపుకి.

మందుల చీటీతో పోలిక నేను సరదాకి తెచ్చింది కాదు, చర్చి తెచ్చుకున్నదే. 6వ శతాబ్దం నుంచీ ఐర్లండ్ సన్యాసులు ఏ పాపానికి ఎన్నాళ్ళు రొట్టె, నీళ్ళ మీద ఉండాలో పట్టీలా రాసి పెట్టుకునేవాళ్ళు. 668లో క్యాంటర్‌బరీకి ఆర్చిబిషప్ అయిన థియొడోర్ పేరు మీద కూడా అలాంటి పుస్తకం ఒకటి ఉంది. ఇంగ్లండ్‌లో ఇలాంటి వాటిని 'స్క్రిఫ్ట్‌బోక్' అనేవాళ్ళు, అంటే ష్రిఫ్ట్ పుస్తకం. ఫాదర్ తప్పు వింటాడు, పుస్తకం చూస్తాడు, ఇన్ని రోజులు అంటాడు. తర్వాత 1215లో రోమ్‌లో లాటరన్ మహాసభ జరిగినప్పుడు ఊహ తెలిసిన ప్రతి క్రైస్తవుడూ, ఆడైనా మగైనా, ఏడాదికి ఒక్కసారైనా తన ఫాదర్ దగ్గర పాపాలు చెప్పుకుని తీరాలని 21వ నియమం పెట్టారు. ఆ నియమంలోనే ఫాదర్ నేర్పున్న వైద్యుడిలా గాయం మీద ద్రాక్షారసమూ నూనే పోయాలని ఉంది. విన్నది బయటపెట్టిన ఫాదర్‌ని పదవి నుంచి దించి, జీవితాంతం కఠినమైన మఠంలో ప్రాయశ్చిత్తం చేయించాలని కూడా అందులోనే ఉంది. మీ అమ్మమ్మ ఈస్టర్ ముందు చేసే ఫోన్ ఉందే, దానికి 800 ఏళ్ళ చరిత్ర ఉందన్నమాట!

ఇప్పుడు మీ తగువుకి వద్దాం. మీ సీనియరూ మీరూ ఇద్దరూ సగం సగం పట్టుకున్నారు. పాత ఇంగ్లిష్‌వాడు ష్రిఫ్ట్‌కి వెళ్ళొచ్చానంటే అందులో మూడు పనులు కలిసి ఉన్నాయి. తన నోటితో చెప్పుకోవడం ఒకటి. ఫాదర్ ఏదో ఒక పని విధించడం, ఉపవాసమో, జపమో, దొంగసొమ్మయితే తిరిగిచ్చేయడమో, అది రెండోది. దేవుడి పేరు మీద 'నిన్ను పాపాల నుంచి విడిపిస్తున్నాను' అని ఫాదర్ అనడం మూడోది. మీరు రాసిన ప్రాయశ్చిత్తంలో రెండోది మాత్రమే ఉంది. పైగా మనకి ప్రాయశ్చిత్తం అనగానే ఎవరికివారు చేసుకునేదీ, పురోహితుడు చేయించేదీ, గోదానమూ గుర్తొస్తాయి తప్ప, ఒకడు చెవి దగ్గర చెబుతుంటే ఇంకొకడు వినే దృశ్యం కళ్ళముందుకి రాదు. మీ సీనియర్ రాసిన క్షమాపణలో మూడోది కొంచెం ఉంది గానీ, 'క్షమాపణ అడగడానికి వెళ్తున్నావా' అంటే జూలియట్ ఎవరితోనో గొడవపడి సారీ చెప్పడానికి పోతున్నట్టుంది.

మరి ఒకే మాట దొరకదా? దొరుకుతుంది, మీ ఇంట్లోనే ఉంది. పాపసంకీర్తనం విన్న క్యాథలిక్ కానివాళ్ళు మొదటిసారి ఉలిక్కిపడతారు, నిజమే. సంకీర్తన అంటే మనకి అన్నమయ్య, తాళాలు, భజన. పాపాల్ని రాగం తీసి పాడటమేమిట్రా అనిపిస్తుంది (నాకూ అలాగే అనిపించింది, నవ్వుకున్నాను కూడా, తర్వాత సిగ్గుపడ్డాను). కానీ సంస్కృతంలో కీర్తనం అంటే మొదటి అర్థం చెప్పడం, పేరెత్తి పలకడం. పొగడటం తర్వాత వచ్చి కూర్చున్న అర్థం. పేరుపేరునా పాపాల్ని చెప్పడం పాపసంకీర్తనం. ఎవరు కట్టారో గానీ, మాట పుట్టుక తెలిసి కట్టారు. ఇది మన వైపు పూర్తిగా కొత్త ఆలోచనా కాదు. మనుస్మృతి 11వ అధ్యాయంలో పాపం పోయే దారుల్లో మొట్టమొదట చెప్పింది ఖ్యాపనం, అంటే బయటికి చెప్పేయడం, ఆ తర్వాతే పశ్చాత్తాపమూ తపస్సూ. అంత దూరం ఎందుకు, 'చేసిన పాపం చెబితే పోతుంది' అని మన పెద్దవాళ్ళు ఎవరూ నేర్పకుండానే అంటారు కదా.

ఒక చిక్కు ఉంది. తెలుగు క్రైస్తవులందరికీ ఈ మాట తెలుసని అనుకోకండి. ప్రొటెస్టెంట్ సంఘాల్లో 'పాపాలు ఒప్పుకోవడం', 'ఒప్పుకోలు' అంటారు, అదీ మధ్యలో ఫాదర్ లేకుండా నేరుగా దేవుడి ముందు. ఇంగ్లండ్‌లో ఈ పదం ముసలిదైపోవడానికీ కారణం ఇదే. 16వ శతాబ్దంలో మతసంస్కరణ వచ్చి, ఫాదర్ చెవిలో చెప్పుకుని తీరాలన్న నిర్బంధం పోయింది. పని తగ్గాక పనిముట్టు పేరు మాత్రం ఎంతకాలం ఉంటుంది? ఎప్పుడైనా అవసరమైతే కన్‌ఫెషన్ అన్నారు, ష్రిఫ్ట్ అటకెక్కింది. మిగిలింది రెండుచోట్లే. ఒకటి ష్రోవ్ ట్యూస్‌డే, విభూది బుధవారానికి ముందు రోజు. నలభై రోజుల తపస్సు కాలం మొదలయ్యేలోగా పాపాలు చెప్పుకుని, ఇంట్లో ఉన్న గుడ్లూ వెన్నా చెల్లిపోయేలా అట్లు పోసుకుని తినే రోజు. ఓల్నీ అనే ఊళ్ళో 1445లో ఒకావిడ అట్టు పోస్తుండగా చర్చి గంట మోగిందనీ, పెనం కింద పెట్టడం మర్చిపోయి దాంతోనే పరిగెత్తిందనీ కథ చెప్పుకుంటారు, ఇప్పటికీ ఏటా ఆడవాళ్ళు పెనాలతో 415 గజాలు పరుగు పందెం పెట్టుకుంటారు. అట్లతద్దికీ దీనికీ సంబంధం లేదు, ఎవరైనా ఉందని వాట్సాప్‌లో పంపితే నమ్మకండి.

రెండోది మీ షార్ట్ ష్రిఫ్ట్. ఇక్కడ మాత్రం మీ సీనియర్ని వెనకేసుకురాలేను. అక్కడ తక్కువ శిక్ష లేదు, అక్కడ మనిషి తల పోతోంది. 1483 జూన్‌లో లండన్ టవర్‌లో మంత్రుల సమావేశం జరుగుతుండగా, అప్పటికింకా రాజు కాని డ్యూక్ రిచర్డ్ ఉన్నపళంగా హేస్టింగ్స్ ప్రభువుని ద్రోహి అన్నాడు, నీ తల చూడందే భోజనం చేయనని ఒట్టు పెట్టాడు. రిచర్డ్ చరిత్ర రాసిన థామస్ మోర్ మాటల్లో ఇది చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. హేస్టింగ్స్‌కి ఎందుకని అడిగే వీలు కూడా లేదు, ఎవరో దొరికిన ఫాదర్‌ని పట్టుకుని గబగబా చెప్పుకున్నాడు, ఎక్కువసేపు చెప్పుకుంటే ఒప్పుకోరు, ఎందుకంటే దొరవారికి భోజనానికి ఆలస్యమవుతోంది. బయట కట్టడానికి తెచ్చిపెట్టిన దుంగ ఏదో ఉంటే దానిమీద తల పెట్టించి నరికేశారు. షేక్‌స్పియర్ ఇదంతా తీసుకుని రిచర్డ్ అనుచరుడు రాట్‌క్లిఫ్ నోట పెట్టాడు. ఆ మాట అంటున్నవాడు హేస్టింగ్స్‌కి శిక్ష తగ్గించడం లేదు. చావు ముందు దేవుడితో లెక్క తేల్చుకోవడానికి ఉన్న ఆఖరి నాలుగు నిమిషాల్లో కూడా రెండు కోసేస్తున్నాడు. పాపాలు చెప్పుకోకుండా చస్తే నేరుగా నరకమేనని నమ్మిన కాలం అది. ఉరికంబం దగ్గర మనవాళ్ళు ఆఖరి కోరిక అడుగుతారు చూడండి, 'అడుగుగానీ త్వరగా తెముల్చు' అన్నట్టు. అందుకే 'హ్యామ్లెట్'లో కూడా తన పాత స్నేహితులిద్దర్నీ చంపమని ఉత్తరం రాస్తూ హ్యామ్లెట్ ష్రైవ్ చేసుకునే టైమ్ కూడా ఇవ్వొద్దంటాడు, ఆ ఒక్క మాటతో అతని మీద మనకున్న జాలి సగం పోతుంది.

కాబట్టి ఆ లైన్‌కి నేనైతే 'త్వరగా పాపాలు చెప్పుకోండి, డ్యూక్‌గారు మీ తల కోసం చూస్తున్నారు' అని రాస్తాను. సబ్‌టైటిల్‌లో రెండు లైన్లు పడతాయి, చదవడానికి సరిపోతాయి. ఈ కాలపు వార్తల్లో షార్ట్ ష్రిఫ్ట్ వస్తే అది వేరే సంగతి. అక్కడ పాపమూ లేదు ఫాదరూ లేడు, 'ఒక్క ముక్కలో తేల్చేశారు', 'విదిలించి పారేశారు', 'వినీవినకుండా తోసేశారు', ఇలా సందర్భాన్ని బట్టి ఏదైనా. 'పని గంటలు తగ్గించారు' తప్ప.

జూలియట్ దగ్గర కాస్త ఆగాలి, అక్కడ మజా ఉంది. రెండు వారాల పైచిలుకులో పద్నాలుగు నిండబోయే పిల్ల, పెద్దింటి పిల్ల, ఒంటరిగా గడప దాటే వీల్లేదు. ఏ తల్లీ తండ్రీ అడ్డు చెప్పలేని ఒకే ఒక్క పని చర్చికి వెళ్ళి పాపాలు చెప్పుకోవడం. అందుకే రోమియోతో దొంగచాటు పెళ్ళి ముహూర్తాన్ని ష్రిఫ్ట్ పేరు మీద పెట్టారు. దాది అడిగేది జూలియట్ పశ్చాత్తాపపడిందా అని కాదు, ఇంట్లోంచి బయటపడటానికి పర్మిషన్ దొరికిందా అని. మన పిల్లలు 'కంబైన్డ్ స్టడీకి వెళ్తున్నా' అంటారే, ఆ సాకు ఇది. ఆ లైన్‌లో బరువంతా పర్మిషన్ మీద ఉంది. 'పాపసంకీర్తనానికి చర్చికెళ్తానంటే ఇంట్లో సరేనన్నారా?' అని రాయండి. పక్కన చర్చి అని ఉంది కాబట్టి మాట కొత్తదైనా ఎవరూ తడబడరు. చూసేవాడికి ఒకసారి అలవాటైతే, నాలుగో అంకంలో పిల్ల ష్రిఫ్ట్ నుంచి నవ్వు ముఖంతో వస్తోందని దాది అన్నప్పుడు 'పాపసంకీర్తనం నుంచి' అంటే చాలు.

కానీ ప్రతిచోటా అదే అతికించేయకండి. అదే నాటకం రెండో అంకంలో, తెల్లారగట్ల రోమియో డొంకతిరుగుడుగా ఏదో చెబుతుంటే, అతని పాపాలు వినే సన్యాసి ఫ్రయర్ లారెన్స్ విసుక్కుంటాడు, పొడుపుకథలా కన్‌ఫెషన్ చెబితే పొడుపుకథలాంటి ష్రిఫ్టే దొరుకుతుందంటాడు. చూశారా, ఒకే వాక్యంలో రెండు మాటలూ పెట్టాడు. కన్‌ఫెషన్ చెప్పేవాడిది, ష్రిఫ్ట్ వినేవాడిది. నేను పైన చెప్పిన మందుల చీటీ ఇదే. రోగం సరిగ్గా చెప్పకపోతే డాక్టర్ ఏం రాస్తాడు? అక్కడ పాపసంకీర్తనం అంటే కుదరదు, 'తిరకాసుగా చెప్పుకుంటే తిరకాసు విమోచనే దక్కుతుంది' లాంటిదేదో కావాలి. విమోచన మీకు బరువనిపిస్తే మన్నింపు అనండి. నాకు విమోచన ఇష్టం, కట్టు విప్పడం అందులో ఉంది.

సీనియర్‌తో ఎలా మాట్లాడాలని మీరు అడగలేదు, కానీ అసలు టెన్షన్ అదేనని నాకు అనుమానం. టీమ్ గ్రూప్‌లో పెట్టకండి. ఆయనొక్కరికే ఆ మూడు లైన్లూ పక్కపక్కన పెట్టి పంపండి, హేస్టింగ్స్ భోజనం కథ రెండు వాక్యాల్లో చెప్పండి. మీ 'ప్రాయశ్చిత్తం' కూడా సరిపోలేదని ముందు మీరే రాయండి. పెద్దవాళ్ళు తప్పు దిద్దుకోవడానికి వెనకాడేది తప్పు వల్ల కాదు, ఒంటరిగా దిద్దుకోవాల్సి రావడం వల్ల. అయినా ఆయన వినకపోతే జూలియట్ లైన్ వదిలేయండి, క్షమాపణ వల్ల ఎవరూ చావరు. హేస్టింగ్స్ లైన్ మాత్రం వదలకండి.

ఇక అమ్మమ్మ సంగతి. నేను క్యాథలిక్‌ని కాను, ఫాదర్ దగ్గరికి వెళ్ళమని గానీ వద్దని గానీ చెప్పే హక్కు నాకు లేదు, ఆ తొమ్మిదేళ్ళ వెనక ఏముందో మీరు రాయలేదు, నేనూ అడగను. కానీ రెండు విషయాలు కలిసిపోయి మీకు ఒకటిగా కనిపిస్తున్నాయనుకుంటా. చేయకపోవడం మీకూ మీ దేవుడికీ మధ్య సంగతి. 'చేశాను' అనడం మీకూ అమ్మమ్మకీ మధ్య సంగతి, గుచ్చుకుంటున్నది ఇదే అయ్యుండాలి. పాపసంకీర్తనం చేశానని అబద్ధం చెప్పడం ఎంత చిత్రమైన పాపమో చూడండి, దీనికి ఎన్ని మంగళవార్త జపాలు విధిస్తారో ఏ స్క్రిఫ్ట్‌బోక్‌లోనూ ఉండదు.

ఆవిడ ఫోన్ వచ్చేదాకా ఆగకండి. ఈ ఆదివారం పూజ అయి ఇంటికి చేరే వేళ చూసుకుని మీరే చేయండి. ఒప్పుకోలుతో మొదలుపెట్టకండి, పనితో మొదలుపెట్టండి. అమ్మమ్మా, ఇలా ఒక ఇంగ్లిష్ నాటకంలో ఒక పిల్ల పాపసంకీర్తనానికి వెళ్తున్నానని చెప్పి దొంగచాటుగా పెళ్ళి చేసుకుంటుంది, ఆ మాట తెలుగులో ఎలా రాయాలి అని అడగండి. మొదటిసారి ఆవిడ మోకరించినప్పుడు ఎన్నేళ్ళు, ఫాదర్‌కీ ఆవిడకీ మధ్య ఉండే జాలీ అవతల ఏం కనిపించేది, ఫాదర్ ఏ జపం ఇచ్చేవారు, పరలోక జపమా, జపమాల మొత్తమా, అన్నీ అడగండి. అలా మాట్లాడుతూ ఉంటే ఎక్కడో ఒకచోట ఆవిడే 'ఏమ్మా, నువ్వు చేశావా మరి?' అంటారు. అప్పుడు 'లేదమ్మమ్మా, తొమ్మిదేళ్ళయింది' అనండి, అంతే, కారణాలు వరసపెట్టకండి. తిడతారేమో, ఏడుస్తారేమో, లేదా నాకు ముందే తెలుసులేవే అంటారేమో. మూడోదే జరుగుతుందని నా పందెం.

ఇంకొక్కటి. ఆ మాట ఆవిడ నోట సరిగ్గా ఎలా పలుకుతుందో, సంకీర్తనం అంటారో, వాడుకలో నలిగి ఇంకేదైనా అయిందో, వినగానే రాసుకుని నాకు పంపండి. సబ్‌టైటిల్‌లో కూడా అలాగే పెట్టొచ్చు, దాది నోట ఆ పలుకే బాగుంటుంది.